కరోకే షోకి నాలుగు స్క్రీన్లు కలపడం: ముందు పాడేవాళ్ల స్క్రీన్ చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కరోకే షోకి ఒక లాప్‌టాప్ ఉంది, దానికి ఒకే హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉంది. పాడేవాళ్ల ముందు ఒక టీవీ, హాలుకి రెండు పక్కలా చెరో టీవీ, వేదిక వెనక తెర మీద ప్రొజెక్టర్ కావాలి. అన్నిటికంటే దూరంగా ఉన్న టీవీకి కేబుల్ 25 మీటర్లు లాగాలి. స్ప్లిట్టర్ కొనాలా, వైర్‌లెస్‌తో పనైపోతుందా, ఇంతమందికి లిరిక్స్ చూపిస్తూ తర్వాతి పాట ఎలా వెతుక్కోవాలి?

సూటిగా చెప్తాను. అడాప్టర్‌తో నడిచే నాలుగు అవుట్‌పుట్ల హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్ (ఒకే బొమ్మని నాలుగు తెరలకి పంచే పెట్టె) ఒకటి తీసుకోండి. లాప్‌టాప్‌ని ‘ఎక్స్‌టెండ్’లో (బయటి తెర మీద వేరే బొమ్మ చూపించే సెట్టింగ్) పెట్టి లిరిక్స్ విండోని రెండో డిస్‌ప్లేకి పంపండి. ఆ అవుట్‌పుట్ స్ప్లిట్టర్‌లోకి, అక్కడి నుంచి నాలుగు స్క్రీన్లకి. 10 మీటర్లలోపు ఉన్నవాటికి మామూలు కేబుల్ చాలు. 25 మీటర్ల టీవీకి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ (బొమ్మని కాంతిగా పంపేది) గానీ, క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ మీద బొమ్మని దూరం పంపే ఎక్స్‌టెండర్ గానీ వాడండి. పాడేవాళ్ల టీవీకి మాత్రం వైర్‌లెస్ వద్దు. పాట సౌండ్ హెచ్‌డీఎంఐ మీదుగా వెళ్లకూడదు, లాప్‌టాప్ నుంచి నేరుగా సౌండ్ మిక్సర్‌కి వెళ్లాలి.

చాలామంది ప్రేక్షకుల తెర ఎంత పెద్దదిగా ఉండాలి అన్న దగ్గర మొదలుపెడతారు. నేను ఎప్పుడూ పాడేవాళ్ల స్క్రీన్ దగ్గర మొదలుపెడతాను. పక్క టీవీ ఒకటి ఆగిపోయినా షో నడుస్తుంది, సగంమంది గమనించరు కూడా. పాడేవాళ్ల స్క్రీన్ రెండు సెకన్లు నల్లబడితే పాట అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఆ లైన్ అన్నిటికంటే పొట్టిగా, మధ్యలో అడాప్టర్లు తక్కువగా, లేటు లేకుండా ఉండాలి. వీలైతే స్ప్లిట్టర్‌ని, లాప్‌టాప్‌ని వేదిక పక్కనే పెట్టుకుని ఆ కేబుల్‌ని 5 మీటర్లలో ముగించండి. మిగతా మూడింటికి కేబుల్ ఎంత పొడుగైనా సర్దుకోవచ్చు.

ఈ లేటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీట్ అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు. ఫోన్ తెరని టీవీకి పంపించే మిరాకాస్ట్ లాంటి పద్ధతుల్లో బొమ్మ పదో వంతు సెకను నుంచి అంతకు బాగా ఎక్కువ దాకా వెనకబడుతుంది. 150 మిల్లీసెకన్లు లేటయితే బీట్‌లో దాదాపు మూడో వంతు. స్పీకర్లో పాట ముందుకెళ్లిపోతుంది, తెర మీద రంగు మారే అక్షరం మాత్రం వెనకే ఉంటుంది. పాట బాగా వచ్చినవాళ్లు తెరని పట్టించుకోకుండా చెవితో పాడేస్తారు. రానివాళ్లు తెరని నమ్ముతారు, ప్రతి లైనూ ఆలస్యంగా ఎత్తుకుంటారు. వినేవాళ్లు మాత్రం ‘వీళ్లకి తాళజ్ఞానం లేదు’ అనుకుంటారు.

వైర్ వేసినా ఈ లేటు రావచ్చు, దానికి కారణం టీవీయే. ఇప్పటి టీవీలు వచ్చిన బొమ్మకి నునుపుదనం, రంగులు, షార్ప్‌నెస్ అన్నీ చేర్చి గానీ చూపించవు. ఆ ప్రాసెసింగ్‌కే కొన్ని టీవీల్లో 100 మిల్లీసెకన్ల దాకా పోతుంది. ఒకసారి రిహార్సల్‌లో యుగళగీతం పాడుతున్న ఇద్దరూ చరణం మొదట్లో ప్రతిసారీ వెనకబడుతున్నారు. ట్రాక్ మార్చారు, సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్ మార్చారు, ఏమీ లాభం లేదు. టీవీ పిక్చర్ మెనూలోకి వెళ్లి గేమ్ మోడ్ (ఈ ప్రాసెసింగ్‌ని తగ్గించే సెట్టింగ్) ఆన్ చేశాం, అక్కడితో సరిపోయింది. మీ పాడేవాళ్ల టీవీకి కూడా మొదట ఇదే చేయండి. మోషన్ స్మూతింగ్ లాంటివన్నీ ఆపేయండి. ప్రేక్షకుల వైపు టీవీలు కాస్త లేటుగా ఉన్నా నష్టం లేదు, వాళ్లు పాడట్లేదు కదా. పైగా శబ్దం గాలిలో మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి వెనక వరసలకి పాట కూడా కొంచెం ఆలస్యంగానే చేరుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. కెమెరా పెట్టి పాడేవాళ్ల ముఖం పెద్ద తెర మీద చూపిస్తే, పెదవులకీ పాటకీ పొంతన లేకపోవడం ముందు వరసల వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ కిట్లలో లేటు బాగా తక్కువగా ఉండేవి ఉన్నాయి, కాదనను. కానీ వాటిలో చాలావరకు 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఖాళీ హాల్లో చక్కగా పనిచేసిన కిట్, జనం నిండి అందరి జేబుల్లో ఫోన్లు చేరాక తడబడొచ్చు. మనుషుల శరీరాలు కూడా సిగ్నల్‌కి అడ్డే. పక్క టీవీకి కేబుల్ లాగడానికి దారే లేకపోతే అప్పుడు వాడుకోండి.

డూప్లికేట్ వద్దు, ఎక్స్‌టెండ్ పెట్టండి. విండోస్ కీ పట్టుకుని పి నొక్కితే ఆ మెనూ వస్తుంది. డూప్లికేట్‌లో పెడితే మీరు తర్వాతి పాట వెతకడం, పేరు తప్పు టైపు చేయడం, మధ్యలో వచ్చిన మెసేజ్, అన్నీ హాలంతా చూస్తుంది. కరాఫన్, వర్చువల్ డీజే, ఓపెన్‌కేజే లాంటి ప్రోగ్రాముల్లో లిరిక్స్‌కి విడి విండో ఉంటుంది. దాన్ని రెండో డిస్‌ప్లే మీదకి లాగి ఫుల్ స్క్రీన్ చేయండి. పాటల జాబితా, వరసలో ఎవరున్నారు అన్నది మీ లాప్‌టాప్ తెర మీదే ఉంటుంది. మామూలు వీడియో ప్లేయర్‌తో నడిపేవాళ్లు కూడా ఇలాగే చేయొచ్చు. కాకపోతే పాటకీ పాటకీ మధ్య డెస్క్‌టాప్ బయటపడకుండా ఆ రెండో తెర వాల్‌పేపర్‌ని నల్లగా పెట్టుకోండి.

మీరు పెడుతున్న నాలుగు తెరలూ ఒకటే చూపిస్తాయి, అందుకే స్ప్లిట్టర్ చాలు అన్నాను. ప్రొజెక్టర్ మీద కెమెరా బొమ్మ, టీవీల మీద లిరిక్స్ కావాలంటే స్ప్లిట్టర్ పనికిరాదు. అప్పుడు ఒక్కో తెరకి వేరే బొమ్మ పంపగలిగే మ్యాట్రిక్స్ స్విచ్ గానీ వీడియో మిక్సర్ గానీ కావాలి. అన్నట్టు, దుకాణంలో అడిగేటప్పుడు చూసుకోండి: మామూలు హెచ్‌డీఎంఐ స్విచ్ అంటే నాలుగు వైపుల నుంచి వచ్చి ఒక టీవీకి వెళ్లేది. మీకు కావలసింది దానికి తలకిందులు. పెట్టెలు రెండూ ఒకేలా ఉంటాయి, షో రోజు పొద్దున విప్పి చూసుకున్నాక తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక కేబుళ్లు. 1080పి (ఫుల్ హెచ్‌డీ), 60 హెర్ట్జ్‌కి (సెకనుకి 60 బొమ్మలు) మంచి రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. 15 దాకా పనిచేసినవీ ఉన్నాయి గానీ, ముందు పరీక్షించుకోకుండా వాటి మీద ఆధారపడను. 4కె 60 అయితే 5 మీటర్లు దాటగానే అనుమానించాలి. లిరిక్స్‌కి 4కె అవసరమే లేదు కాబట్టి లాప్‌టాప్ అవుట్‌పుట్‌ని 1080పి 60కి కట్టిపడేయండి, సగం సమస్యలు రావు. 25 మీటర్లకి ఆప్టికల్ కేబుల్ వాడితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. దానికి దిశ ఉంటుంది, ఒక కొస మీద ‘సోర్స్’, రెండో కొస మీద ‘డిస్‌ప్లే’ అని రాసి ఉంటుంది. తిరగేసి లాగితే ఏమీ రాదు, అప్పటికే గోడ వెంబడి టేపు కూడా అంటించేసి ఉంటారు. రెండోది, దాన్ని మూలల దగ్గర గట్టిగా మడవకూడదు, దాని మీద కుర్చీ కాలు పడకూడదు.

క్యాట్ 6 ఎక్స్‌టెండర్లలో రెండు రకాలున్నాయి. హెచ్‌డీబేస్‌టీ రకం 100 మీటర్ల దాకా దాదాపు లేటు లేకుండా పంపుతుంది. నెట్‌వర్క్ మీద ఐపీ ద్వారా పంపే చవక రకాలు బొమ్మని కుదించి పంపుతాయి, కాబట్టి లేటు ఉంటుంది. ప్రేక్షకుల టీవీకి ఏదైనా ఫరవాలేదు. హెచ్‌డీబేస్‌టీ కేబుల్‌కి కూడా నెట్‌వర్క్ కేబుల్ పిన్నే ఉంటుంది గానీ, దాన్ని మధ్యలో నెట్‌వర్క్ స్విచ్‌కి గుచ్చితే పనిచేయదు, ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకి ఒకే కేబుల్ తిన్నగా వెళ్లాలి. లోపల తీగ పూర్తి రాగిదై ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూతతో వచ్చేవి ఇంటర్నెట్‌కి ఎలాగోలా నడుస్తాయేమో గానీ, ఇక్కడ మధ్యమధ్యలో తెర మిణుకుమంటుంది. తరచూ షోలు చేసేవాళ్లయితే ఎస్‌డీఐకి (టీవీ స్టూడియోల్లో వాడే వీడియో కనెక్షన్) మారడం గురించి ఆలోచించండి. 3జీ-ఎస్‌డీఐ 1080పి 60ని మంచి కోయాక్సియల్ కేబుల్ మీద 70 మీటర్ల దాకా తీసుకెళ్తుంది, బీఎన్‌సీ పిన్ తిప్పి లాక్ చేస్తారు కాబట్టి ఎవరి కాలో తగిలి ఊడిపోదు. రెండు కొసలా కన్వర్టర్లు కావాలి, అదొక్కటే అదనం. ఒక్క షోకి మాత్రం అంత అక్కర్లేదు.

స్ప్లిట్టర్ పెట్టాక తెరలన్నీ మసకబారితే దాన్ని తిట్టకండి. ప్రతి టీవీ ‘నేను ఈ రిజల్యూషన్లు చూపించగలను’ అని లాప్‌టాప్‌కి ఒక చిన్న చిట్టా పంపుతుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. స్ప్లిట్టర్ లాప్‌టాప్‌కి చెప్పగలిగేది ఒక్క చిట్టాయే. కొన్ని స్ప్లిట్టర్లు మొదటి అవుట్‌పుట్‌కి తగిలించిన టీవీ చిట్టాని చూపిస్తాయి, కొన్ని అన్నిటికీ ఉమ్మడిగా కుదిరే దాన్ని చూపిస్తాయి. పాత ప్రొజెక్టర్ ఒకటి ఆ గుంపులో ఉంటే మిగతా మూడు కొత్త టీవీలూ దాని స్థాయికి దిగాల్సిందే. ఈడీఐడీని 1080పికి ఖాయం చేసే బుల్లి స్విచ్ ఉన్న స్ప్లిట్టర్ కొంటే ఈ బాధ ఉండదు. అది లేకపోతే పాడేవాళ్ల టీవీని మొదటి అవుట్‌పుట్‌కి తగిలించండి.

ఇదే ఈడీఐడీ ఇంకో తంటా తెస్తుంది. ఒక షోలో ఎవరో పక్క టీవీని రిమోట్‌తో ఆపేశారు. లాప్‌టాప్ డిస్‌ప్లేలు మళ్లీ లెక్కపెట్టుకుంది, తెరలన్నీ ఒక్క క్షణం నల్లబడ్డాయి, లిరిక్స్ విండో వచ్చి ఆపరేటర్ తెర మీద కూర్చుంది. పాడుతున్నావిడకి పాట నోటికి వచ్చు కాబట్టి గట్టెక్కాం. అప్పటి నుంచి లాప్‌టాప్‌కీ స్ప్లిట్టర్‌కీ మధ్య ఒక చిన్న ఈడీఐడీ ఎమ్యులేటర్ పెడుతున్నాను. బొటనవేలంత ఉంటుంది, టీవీలు పోయినా వచ్చినా లాప్‌టాప్‌కి మాత్రం ఎప్పుడూ ఒకే టీవీ తగిలించి ఉన్నట్టు చూపిస్తుంది. టీవీల మెనూలో హెచ్‌డీఎంఐ-సీఈసీ కూడా ఆపేయండి, లేకపోతే ఒక పరికరం ఆగినప్పుడు మరొకటి కూడా ఆగిపోవచ్చు. రిమోట్లన్నీ మీ సంచిలో ఉండాలి.

పాటలు స్ట్రీమింగ్ యాప్ నుంచి తెస్తుంటే ఇంకొకటి చూసుకోవాలి. కాపీ రక్షణ ఉన్న వీడియోలు హెచ్‌డీసీపీ (ఆ కాపీ రక్షణ పద్ధతి) లేని పరికరం మధ్యలో ఉంటే నల్ల తెర చూపిస్తాయి. మీ సొంత ఫైళ్లకి ఈ గొడవ ఉండదు.

సౌండ్. హెచ్‌డీఎంఐ తగిలించగానే విండోస్ చాలాసార్లు పాట శబ్దాన్ని టీవీకి మళ్లిస్తుంది. మిక్సర్లో నిశ్శబ్దం, టీవీలో సన్నగా పాట. విండోస్ డీఫాల్ట్‌ని నమ్ముకోకుండా కరోకే ప్రోగ్రాం సెట్టింగుల్లోనే ఆడియో అవుట్‌పుట్‌గా మీ యూఎస్‌బీ సౌండ్ కార్డ్‌ని ఎంచుకోండి. టీవీలన్నిటినీ మ్యూట్ చేయండి. నాలుగు చోట్ల నాలుగు రకాల లేటుతో అదే పాట వినిపిస్తే పాడేవాళ్లకి పిచ్చెక్కుతుంది.

స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తే హెచ్‌డీఎంఐ కేబుల్‌ని లాప్‌టాప్ నుంచి ఒక్క క్షణం పీకి చూడండి. హమ్ పోయిందంటే అది గ్రౌండ్ లూప్. ప్రొజెక్టర్‌కి ఒకచోట నుంచి, మిక్సర్‌కి ఇంకోచోట నుంచి కరెంటు వస్తున్నప్పుడు, కేబుల్ పైనున్న లోహపు తొడుగు ఆ రెండిటినీ కలిపేస్తుంది. వీలైతే అన్నిటికీ ఒకే సర్క్యూట్ నుంచి కరెంటు ఇవ్వండి. అది కుదరకపోతే లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సౌండ్ లైన్ మధ్యలో పెట్టే చిన్న పెట్టె) పెట్టండి, హమ్ దాదాపు ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. ఆప్టికల్ కేబుల్ వేస్తే పోతుందని అంటారు గానీ, చాలా ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుళ్లలో కంట్రోల్ సిగ్నళ్ల కోసం సన్నటి రాగి తీగలు కూడా ఉంటాయి, కాబట్టి పోకపోవచ్చు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా చెప్తే వినకండి. మైకు లోహపుది, పట్టుకున్నది మనిషి.

అక్షరాల సైజు గురించి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి. 3 మీటర్ల దూరానికి 25 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవొచ్చని ఒక మోటు లెక్క. 55 అంగుళాల టీవీ తెర ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు. అందులో నాలుగు లైన్లు పెడితే ఒక్కో అక్షరానికి 8 సెంటీమీటర్లు దక్కుతుంది, అంటే 10 మీటర్ల దాకా సరే. తెలుగు లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఆ లెక్కలోంచి ఇంకాస్త తగ్గించుకోండి, రెండు లైన్లే పెడితే ఇంకా మంచిది. పాత సీడీ+జీ ఫైళ్లు (కరోకే సీడీల నాటి లిరిక్స్ ఫైళ్లు) వాడుతుంటే వాటి బొమ్మ మొత్తం 300×216 చుక్కలే, రంగులు 16. ఇంగ్లిష్ పెద్దక్షరాలు అందులో నెట్టుకొస్తాయి, ‘స్త్ర’ లాంటి అక్షరం ముద్దయిపోతుంది. తెలుగు పాటలకి వీడియో ఫైలే తీసుకోండి.

తెర అంచుల్ని కూడా పరీక్షించండి. కొన్ని టీవీలు ఓవర్‌స్కాన్ వల్ల నాలుగు పక్కలా కొంచెం కత్తిరించి చూపిస్తాయి, కింది లైన్‌లో వత్తులు కనపడవు. మెనూలో ‘జస్ట్ స్కాన్’, ‘స్క్రీన్ ఫిట్’ లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది, అది పెడితే చాలు.

పాడేవాళ్ల టీవీని స్టాండ్ మీద నిలబెట్టకండి, వాళ్ల ముఖం ప్రేక్షకులకి కనపడదు. వేదిక అంచున కిందపెట్టి, ఫ్లోర్ మానిటర్ స్పీకర్ లాగా వెనక్కి వాల్చండి. 2-3 మీటర్ల దూరానికి 32 అంగుళాలు చాలు, యుగళగీతాలకి 43 అయితే ఇద్దరికీ కనిపిస్తుంది. వేదిక లైటు నేరుగా దాని మీద పడకూడదు.

ప్రొజెక్టర్ బదులు ఎల్‌ఈడీ వాల్ పెట్టేట్టయితే కనెక్షన్ మారదు. స్ప్లిట్టర్ నుంచి ఒక కేబుల్ వాల్ వాళ్ల ప్రాసెసర్‌కి ఇస్తే సరిపోతుంది, మిగతాది వాళ్లు చూసుకుంటారు. పీ4 వాల్ అంటే చుక్కల మధ్య 4 మిల్లీమీటర్లు, దాన్ని కనీసం 4 మీటర్ల దూరం నుంచి చూడాలి. ఇండోర్‌లో వెలుగు బాగా తగ్గించమనండి, లేకపోతే దాని ముందు పాడేవాళ్లు నల్లటి నీడల్లా కనిపిస్తారు. పసుపు పిన్ వీడియో అవుట్‌పుట్ మాత్రమే ఉన్న పాత కరోకే ప్లేయర్ దొరికితే, వై కేబుల్‌తో రెండుగా చీల్చకండి, బొమ్మ మసకబారుతుంది. ఆ పని కోసం వీడియో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ అని విడిగా ఒక పరికరం ఉంటుంది.

షో రోజున లాప్‌టాప్ స్లీప్, స్క్రీన్ సేవర్, నోటిఫికేషన్లు, అప్‌డేట్లు అన్నీ ఆపేసి, చార్జర్ గుచ్చి ఉంచండి. టీవీల్లో ఆటో పవర్ ఆఫ్ కూడా ఆపాలి. రిమోట్ ఎంతసేపు ముట్టుకోకపోతే ఆగిపోవాలో చూసుకునే సెట్టింగ్ అది, సిగ్నల్ వస్తున్నా సరే కొన్ని టీవీలు ఆగిపోతాయి. ముందు టీవీలు, తర్వాత స్ప్లిట్టర్, చివరికి లాప్‌టాప్ ఆన్ చేస్తే అన్నీ ఒకదాన్నొకటి సరిగ్గా గుర్తుపడతాయి. స్పేర్‌గా ఏం తెచ్చుకోవాలంటే, పాడేవాళ్ల టీవీకి నేరుగా చేరే హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి చేతికందేలా ఉంచుకోండి. స్ప్లిట్టర్ మొరాయిస్తే దాన్ని పీకేసి లాప్‌టాప్ నుంచి తిన్నగా ఆ టీవీకి తగిలించి పాట పూర్తి చేయించొచ్చు, మిగతా తెరల సంగతి ఆ తర్వాత.

మీ లాప్‌టాప్ ఏ మోడలో రాయలేదు. దానికి యూఎస్‌బీ-సి పోర్ట్ కూడా ఉండి, అది వీడియో పంపగలిగేదైతే మీ పని ఇంకా తేలిక. అన్ని యూఎస్‌బీ-సి పోర్టులూ వీడియో పంపవు, స్పెసిఫికేషన్లలో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ అని ఉందేమో చూడండి. ఉంటే హెచ్‌డీఎంఐని నేరుగా పాడేవాళ్ల టీవీకి ఇచ్చేసి, యూఎస్‌బీ-సి నుంచి స్ప్లిట్టర్ పెట్టి ప్రేక్షకుల మూడు తెరలకి ఇవ్వొచ్చు. అయితే మీ ప్రోగ్రాం లిరిక్స్‌ని రెండు విండోల్లో చూపించగలగాలి, అది ముందే ఇంట్లో పరీక్షించండి. మాక్‌బుక్ ఎయిర్‌లో ఎం1, ఎం2 చిప్ ఉన్నవి అయితే మామూలుగా బయటి డిస్‌ప్లే ఒక్కటే నడుపుతాయి, వాటికి పైన చెప్పిన ఒకే స్ప్లిట్టర్ పద్ధతే. యూఎస్‌బీ-ఏలోకి గుచ్చే హెచ్‌డీఎంఐ అడాప్టర్లు బొమ్మని ప్రాసెసర్‌తో కుదించి పంపుతాయి, లేటు ఉంటుంది. వాటిని ప్రేక్షకుల వైపుకే వాడండి. మోడల్ పేరు చెప్తే ఏ పోర్ట్ ఏం చేయగలదో చూసి చెప్తాను.